పంపింగ్ 30 అన్నారు, ఇంట్లో ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మా మామగారికి 64 ఏళ్ళు, వరి, పసుపు వేసే రైతు. రెండు నెలల క్రితం గుండెపోటు వస్తే గుంటూరులో స్టెంట్ వేశారు. ఎకో (గుండె స్కాన్) తీసి పంపింగ్ 30 ఉందన్నారు. ఇంటికొచ్చిన రెండు వారాలకి రాత్రిళ్ళు ఆయాసం మొదలైంది. గ్యాస్ అనుకుని ఈనో కలిపి ఇచ్చాం. మూడో రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటే మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, హార్ట్ ఫెయిల్యూర్ అన్నారు. ఇప్పుడు ఇంటికి తెచ్చి వారమైంది. అత్తయ్య ఆయన్ని మంచం దిగనివ్వడం లేదు. మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో ఇచ్చే మాత్రలు ఎప్పటినుంచో వాడతారు. షుగర్ లేని మనిషికి షుగర్ మాత్ర రాశారని మందుల షాపులో చెబితే ఆ ఒక్కటి ఆపేశాం. మా వారి ఉద్యోగం హైదరాబాద్‌లో, వారానికోసారి వస్తారు. నేను రాత్రంతా ఆయన ఊపిరి వింటూ కూర్చుంటున్నాను. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు గంటకోసారి చూస్తున్నాను. నీళ్ళు ఎన్ని ఇవ్వాలి, ఉప్పు ఎంత, నడిపించవచ్చా, ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి? ఫెయిల్యూర్ అన్న మాట ఆయనకి చెప్పలేదు. చెప్పాలా? — ఒక కోడలు

సమాధానం:

అమ్మా, ముందు ఆ షుగర్ మాత్ర సంగతి. మీరు పేరు రాయలేదు గానీ అది డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ అయి ఉంటుంది. మొదట షుగర్ మందుగా వచ్చిన మాట నిజమే. అయితే పంపింగ్, అంటే గుండె రక్తాన్ని బయటికి తోసే బలం, తగ్గినవాళ్ళలో, షుగర్ ఉన్నా లేకపోయినా, డాపాగ్లిఫ్లోజిన్ మేలు చేస్తుందని 2019లో వచ్చిన పెద్ద పరిశోధనలో తేలింది. ఇప్పుడు ఇది గుండె మందుల్లో ఒకటి. షాపులో అబ్బాయికి డబ్బా మీద ఉన్నదే తెలుసు, మీ మామగారి ఎకో రిపోర్టు తెలియదు. ఈరోజే మీ గుండె డాక్టరు దగ్గరికి ఫోన్ చేసి, ఎన్ని రోజులుగా ఆపారో చెప్పి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి. అదే ఫోన్‌లో మోకాళ్ళ నొప్పుల మాత్రల పేరు కూడా చదివి వినిపించండి.

ఆ రెండోది ఎందుకో చెబుతాను. మీ ఉత్తరం చదువుతుంటే ఆయనకి నీరు ఎందుకు చేరి ఉంటుందో చాలావరకు అందులోనే కనిపించింది. గుండె కండ దెబ్బతిని పంపింగ్ తగ్గినప్పుడు కిడ్నీలకి వెళ్ళే రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయేమో అనుకుని అవి ఉప్పునీ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పుల మాత్రలు ఆ పట్టును ఇంకా బిగిస్తాయి, కిడ్నీలనీ దెబ్బతీస్తాయి. దాని మీద ఈనో పడింది. అందులో ప్రధానమైన సరుకు సోడియం బైకార్బొనేట్, అంటే ఆయాసంతో ఉన్న మనిషికి మనమే సోడియం తాగించినట్టు. నీళ్ళలో వేస్తే బుసబుసమని పొంగే మాత్రలు చాలావరకు ఇంతే. మోకాళ్ళ నొప్పికి పారాసెటమాల్ ఎంత వాడవచ్చో డాక్టర్ని అడగండి, పైన రాసే జెల్ సంగతి కూడా ఆయన్నే అడగండి. ఊళ్ళో సూది వేయించుకునే అలవాటు ఉంటే అదీ మాన్పించాలి. చాలాసార్లు ఆ సూదిలో ఉండేది డైక్లోఫెనాకే.

ఆయన ఆయాసం పడుకున్న గంటా రెండు గంటలకి వచ్చి ఉంటుంది, లేచి కూర్చుంటే కాస్త నెమ్మదించి ఉంటుంది. పగలంతా కాళ్ళలో నిలిచిన నీరు పడుకోగానే రక్తంలో కలిసి పైకి వస్తుంది, గుండె దాన్ని లాగలేక ఊపిరితిత్తుల్లోకి వదిలేస్తుంది. గ్యాస్‌కి ఇలా ఉండదు. ఇకమీదట పడుకుంటే ఎక్కువై, కూర్చుంటే తగ్గే ఆయాసాన్నిగానీ దగ్గునిగానీ మీ ఇంట్లో ఎవరూ గ్యాస్ అనకూడదు.

ఇక ఆ ఆక్సిజన్ మీటరు. కోవిడ్ తర్వాత ప్రతి ఇంట్లో ఒకటి ఉంది, దానివల్ల మేలు కంటే టెన్షనే ఎక్కువైందని నా అభిప్రాయం. గుండె వార్డులో ఏళ్ళ తరబడి నర్సుగా చేసినదాన్ని, చెబుతున్నాను: మీ మామగారి విషయంలో ఆ మీటరు ఆలస్యంగా మేలుకుంటుంది. అది 95 చూపిస్తుండగానే ఒంట్లో రెండు మూడు కిలోల నీరు చేరిపోయి ఉండవచ్చు. ఆ సంగతి నాలుగైదు రోజుల ముందే చెప్పగలిగేది బరువు తూచే మిషను. డిజిటల్‌ది ఒకటి కొని గట్టి నేల మీద ఒకే చోట పెట్టండి. పొద్దున లేచి, మూత్రానికి వెళ్ళొచ్చి, కాఫీ కూడా తాగకముందు, రోజూ అదే లుంగీ బనియన్‌తో ఎక్కమనండి. ఆ అంకెని గోడ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలోనే రాయాలి, ఆయన చేత్తో ఆయనే రాస్తే మరీ మంచిది. నీరంతా పోయాక డిశ్చార్జ్ చేసిన రోజు బరువు కాగితంలో ఉంటుంది, అదే మీకు కొలమానం. ఒక్క రోజులో కిలో దాటి పెరిగినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, ఆయాసం లేకపోయినా సరే, ఆరోజే ఫోన్ చేయండి. చాలాసార్లు నీరు పోయే మాత్ర రెండు రోజులు పెంచితే సరిపోతుంది, మళ్ళీ ఐసీయూ దాకా వెళ్ళే పని తప్పుతుంది. అన్నం బాగా తిన్నారు కదా, ఒళ్ళు చేశారేమో అని మీ అత్తగారు సంతోషిస్తారు, ఆ మాట వినకండి. మూడు రోజుల్లో రెండు కిలోల కండ ఎవరికీ పెరగదు.

బరువుతో పాటు కాళ్ళు చూడండి. చీలమండ పైన, ఎముక ముందు భాగంలో బొటనవేలితో నొక్కి, నెమ్మదిగా పది లెక్కపెట్టి వేలు తీయండి. గుంట పడి అలాగే ఉండిపోతే నీరు ఉన్నట్టు. నిన్న పాదాల దగ్గర పడిన గుంట ఇవాళ మోకాలి కింద పడుతుంటే పెరుగుతున్నట్టు. తలగడలు కూడా లెక్కపెట్టండి. ఒక తలగడతో పడుకునే మనిషి ఈ వారం రెండు అడుగుతున్నారంటే, నోటితో చెప్పకపోయినా ఆయాసం మొదలైందని అర్థం. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే చాలనడం కూడా ఇందులో భాగమే. లివరు, పేగుల దగ్గర నీరు నిలిచినా అలాగే ఉంటుంది.

వడదెబ్బ రోజుల్లో దీనికి ఎదురు ప్రమాదం ఉంది. రోహిణి కార్తె ఎండలకి చెమట పట్టి, పైన నీరు పోయే మాత్ర కూడా పనిచేస్తుంటే బరువు రెండు కిలోలు పడిపోయి, లేచి నిలబడితే కళ్ళు తిరగవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడూ అంతే. అలాంటి రోజున నీరు పోయే మాత్ర, ఆ షుగర్ మాత్ర, బీపీ మాత్రలు కొన్ని తాత్కాలికంగా ఆపమంటారు. ఏవి, ఎన్నాళ్ళు అన్నది ఫోన్‌లో డాక్టరే చెప్పాలి.

నీళ్ళు ఎన్ని అని అడిగారు. డిశ్చార్జ్ కాగితంలో అంకె ఉంటే అదే మీ లెక్క. చాలామందికి రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్ల మధ్య చెబుతారు. ఆ లెక్కలో కాఫీ, మజ్జిగ, చారు, సగ్గుబియ్యం జావ అన్నీ వస్తాయి. పొద్దున్నే ఆ కొలతకి సీసాల్లో నీళ్ళు పోసిపెట్టి, ఆయన కాఫీ తాగితే అంత నీరు సీసాలోంచి తీసేయండి. దాహానికి నోట్లో చిన్న ఐసు ముక్క, పుక్కిలించి ఉమ్మేయడం, ఒక లవంగం, ఇవి పనికొస్తాయి.

ఉప్పు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, గుంటూరు జిల్లా వంటిల్లు కాబట్టి. రోజంతటికీ కలిపి 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక టీస్పూను. అందులోనే కూర, పప్పు, ఇడ్లీ పిండిలో వేసినది, అన్నీ. విడిగా చప్పిడి వంట చేసి పెడితే ఆ మనిషి వారంలో తిరగబడతాడు, నేను చూసినవాళ్ళంతా అంతే. దాని బదులు కూర ఉప్పు లేకుండా దించి, ఆయన వంతు గిన్నెలోకి తీసి, మిగతాదాంట్లో మీకు ఉప్పు కలుపుకోండి. ఆయన ఉప్పుని పొద్దున్నే ముప్పావు టీస్పూను కొలిచి చిన్న డబ్బీలో వేసి ఆయన చేతికే ఇవ్వండి. అది ఎక్కడ చల్లుకుంటారో ఆయన ఇష్టం, అయిపోతే రేపే. వండినదాంట్లో కలిసిన ఉప్పు కంటే పైన చల్లినది నాలుకకి బాగా తెలుస్తుంది, కొంచెంతోనే సరిపెట్టుకోగలుగుతారు. నిమ్మరసం, వెల్లుల్లి, అల్లం, మిరియాలు, కొత్తిమీర ధారాళంగా వాడండి. కారం మానాలా అని చాలామంది అడుగుతారు. కారం నీటిని పట్టి ఉంచదు. కాకపోతే మన దగ్గర కారం ఎక్కువైన కూరకి ఉప్పూ ఎక్కువ పడుతుంది, చిక్కు అక్కడ. ఆవకాయ, పండుమిరప పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు మాత్రం పూర్తిగా ఆపాలి. ఒక్క ముక్కే కదా అని అత్తగారు వేస్తారు. ఆ ఒక్క ముక్క రోజుకి రెండుసార్లు పడుతుంది.

సైంధవ లవణం మంచిదని ఎవరో ఒకరు చెబుతారు. అదీ సోడియమే, కొలతలో తేడా లేదు. దానికంటే ప్రమాదం ‘లో సోడియం’ అని ప్యాకెట్లలో అమ్మే ఉప్పు. అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. మీ మామగారికి రామిప్రిల్ గానీ, సాక్యుబిట్రిల్-వల్సార్టన్ గానీ, స్పైరోనోలాక్టోన్ గానీ రాసి ఉంటారు, అవన్నీ ఒంట్లో పొటాషియాన్ని పెంచేవే. అది మితిమీరితే గుండె లయ తప్పి మనిషి హఠాత్తుగా పడిపోవచ్చు. చూడటానికి వచ్చే చుట్టాలు తెచ్చే కొబ్బరిబోండాలకీ ఇదే మాట వర్తిస్తుంది. రోజుకి రెండేసి బోండాలు తాగించకండి. పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్ష ఎప్పుడు చేయించమన్నారో కాగితంలో చూసి ఆ తేదీ దాటనివ్వకండి. చుట్టాలు చెప్పే కషాయాలు కూడా డాక్టర్ని అడక్కుండా వద్దు. అతిమధురం ఉన్నదైతే అసలే వద్దు, అది ఉప్పునీ నీటినీ నిలబెడుతుంది.

మందుల్లో ఏ ఒక్క పూటా తప్పకూడనివి స్టెంట్ తాలూకువి. ఆస్పిరిన్, దానితోపాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్. గుండెపోటుకి స్టెంట్ వేశాక ఈ జంటని మామూలుగా ఏడాది వాడిస్తారు. మధ్యలో మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి మళ్ళీ గుండెపోటు రావచ్చు. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా ముందు గుండె డాక్టర్ని అడగాలి. మలం నల్లగా తారులాగా వస్తే మాత్రం వెంటనే చెప్పండి, లోపల రక్తం పోతున్నట్టు. గుండె వేగం తగ్గించే మాత్ర, అదే మెటోప్రొలాల్, కార్వెడిలాల్, బైసోప్రొలాల్‌లలో ఒకటి, మొదట్లో నీరసంగా అనిపించేలా చేస్తుంది. దాన్ని హఠాత్తుగా ఆపకూడదు. రామిప్రిల్‌తో కొందరికి పొడి దగ్గు వస్తుంది. అది పగలైనా రాత్రైనా రావచ్చు, నీటి దగ్గు పడుకుంటే ఎక్కువవుతుంది. దగ్గు ఎలాంటిదో గమనించి చెబితే డాక్టరు మందు మారుస్తారు. నీరు పోయే మాత్ర పొద్దున ఒకటి, రెండోది రాసి ఉంటే మధ్యాహ్నం భోజనం వేళకి ఇవ్వండి. సాయంత్రం ఇస్తే రాత్రంతా బాత్రూమ్‌కి తిరగాలి, నిద్రమత్తులో బీపీ తగ్గి పడిపోయేది అప్పుడే. మంచం పక్కన యూరిన్ సీసా పెట్టండి. లేచేముందు మంచం అంచున ఒక నిమిషం కూర్చోవాలి.

మంచం దిగనివ్వకపోవడం గురించి మీ అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించండి. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకునేవారు. గుండెపోటు వస్తే వారాల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవారు. 1952లో బోస్టన్‌లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్లు ఇలాంటి రోగుల్ని మొదటి రోజుల్లోనే కుర్చీలో కూర్చోబెట్టి చూశారు. భయపడ్డట్టు ఏమీ కాలేదు, పైగా త్వరగా తేరుకున్నారు. కూర్చుంటే కొంత రక్తం కాళ్ళలో ఆగి గుండె మీద బరువు తగ్గుతుంది. పడుకునే ఉంటే కాళ్ళలో గడ్డలు కట్టి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం, మలబద్ధకం, కండలు కరిగిపోవడం. మీ ఇంట్లో పడకకుర్చీ ఉండే ఉంటుంది, పగలు అందులో కూర్చోనివ్వండి. డాక్టరు సరేనంటే వసారాలో ఐదు నిమిషాల నడక, పొద్దునా సాయంత్రం, వారం వారం కొంచెం పెంచుకుంటూ. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి అందకపోతే ఆగాలి. తిన్న వెంటనే, ఎండలో వద్దు. ఎరువుల బస్తా ఎత్తడం, ఇంజన్ హ్యాండిల్ తిప్పడం లాంటివి ఇప్పట్లో లేవు. చేను చూడాలని ఆశపడితే ఆటోలో తీసుకెళ్ళి గట్టు మీద కూర్చోబెట్టండి.

నేల మీద కూర్చునే మరుగుదొడ్డి అయితే కమోడ్ కుర్చీ కొనండి, ముక్కడం గుండెకి మంచిది కాదు. మలబద్ధకానికి మందు అడిగి తీసుకోండి. స్నానం గోరువెచ్చటి నీళ్ళతో, స్టూలు మీద కూర్చుని. లోపల గడియ పెట్టుకోవద్దని చెప్పండి. చుట్ట అలవాటు ఉంటే, అది ఆయనకి దొరక్కుండా చూసే బాధ్యత ఆయన స్నేహితులకీ అప్పగించండి. చాటుగా తెచ్చి ఇచ్చేది వాళ్ళే.

ఆసుపత్రికి ఎప్పుడు పరిగెత్తాలి అంటే: కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గితే గులాబీ రంగు నురగ వస్తే, చల్లటి చెమటలు పడితే, స్పృహ తప్పినా, మాట తడబడి మనిషి అయోమయంగా ఉన్నా, వెంటనే 108. ఛాతీ, దవడ, ఎడమ చెయ్యి, పొట్ట పైభాగం, ఎక్కడ పట్టేసినట్టున్నా ముందు కూర్చోబెట్టండి. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ రాసి ఉంటే, బీపీ పై అంకె 100 కన్నా తక్కువ లేకపోతే, కూర్చోబెట్టే ఒకటి పెట్టండి. నిలబడి పెట్టుకుంటే పడిపోతారు. లైంగిక సామర్థ్యం కోసం వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ లాంటివి వేసుకున్న మనిషికి ఇది అసలు పెట్టకూడదు, మీ వారి చేత ఆ సంగతి ముందే అడిగించండి. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్. అంబులెన్సు వచ్చేదాకా కాళ్ళు కిందికి వేలాడేలా మంచం అంచున కూర్చోబెట్టి, ముందు ఒక బల్ల మీద తలగడ పెట్టి దాని మీద వాలనివ్వండి. పడుకోబెట్టవద్దు, నీళ్ళు తాగించవద్దు. మన ఊళ్ళలో బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్తారు. ఆ పని మాత్రం చేయకండి. డిశ్చార్జ్ కాగితాలు, చివరి ఎకో, ఈసీజీ, మందుల చీటీ ఒక సంచిలో వేసి తలుపు దగ్గర తగిలించండి. మీ వారి ఫోన్‌లోనూ ఫోటోలు ఉండాలి.

ఆయనకి చెప్పాలా అన్నారు. చెప్పాలి. ఏమీ చెప్పకపోతే ఆయన ఊహించుకునేది అసలు జబ్బు కంటే పెద్దది. ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోతోందని కాదు, పని తగ్గిందని. పంపింగ్ 30 అంటే గుండెలో 70 వంతులు పోయిందని కూడా కాదు. ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి 30 శాతం బయటికి వెళ్తోందని. ఆరోగ్యంగా ఉన్న గుండెలో కూడా ఇది 55 నుంచి 70 మధ్యే ఉంటుంది, నూరు ఎవరికీ ఉండదు. రైతు కాబట్టి, మోటారు గుర్రాలు తగ్గితే కాలువలో నీరు వెనక్కి తన్నినట్టు అని చెప్పండి, చటుక్కున పట్టుకుంటారు. గుండెపోటులో మొద్దుబారిన కండ కొన్ని వారాల్లో కొంత కోలుకుంటుంది, మందులతో అంకె పెరిగినవాళ్ళు ఎందరో ఉన్నారు. చెప్పాక కొన్నాళ్ళు ముభావంగా ఉండవచ్చు, చిన్నదానికి విసుక్కోవచ్చు. గుండెపోటు తర్వాత దిగులు చాలామందికి పట్టుకుంటుంది. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర, మాట తగ్గే ఉంటే డాక్టరుకి చెప్పండి, దానికీ వైద్యం ఉంది.

ఇక మీ నిద్ర. రాత్రంతా ఊపిరి వింటూ కూర్చోవడం వల్ల ఆయనకి వచ్చే లాభం లేదు, మీరు మంచాన పడితే నష్టం మాత్రం ఉంది. సాయంత్రం కాళ్ళు నొక్కి చూసి, తలగడలు సర్ది, చేతికందేలా ఒక కాలింగ్ బెల్ పెట్టి పడుకోండి. అత్తగారికి ఉప్పు డబ్బీ కాపలా అప్పగించండి, ఆవిడకి చేతిలో పని ఉంటే భయం తగ్గుతుంది. మందులు నెలకి సరిపడా తెప్పించడం, పరీక్షల తేదీలు, డాక్టరుతో అపాయింట్‌మెంట్లు హైదరాబాద్ నుంచి కూడా చూసుకోవచ్చు, అవి మీ వారికి వదిలేయండి.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏటా వేసే ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి అడగండి, ఇలాంటి గుండెకి జ్వరం, దగ్గు చాలా భారం. తర్వాతి ఎకో ఎప్పుడో కూడా అడగండి. స్టెంట్ వేసి, మందులు సరైన మోతాదులో మూడు నెలలు పడ్డాక కూడా పంపింగ్ 35 దాటకపోతే, లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చి కాపాడే ఐసీడీ అనే పరికరం అవసరమా అన్న మాట వస్తుంది. అది వాళ్ళు ఎత్తకపోతే మీరే ఎత్తండి.